బోనులో కోతుల నులిపురుగుల లెక్క: గుంటూరు ప్రాజెక్టు డైరీ

మార్చి

గుంటూరు శివార్లలోని ఈ బోన్లలో ఉన్నవి ఊళ్ళో పట్టుబడినవి, కరెంటు తీగలకో బండ్లకో దెబ్బతిన్నవి, మళ్ళీ అడవిలో వదలడానికి పనికిరానివి. రెండు జాతులున్నాయి. తోక ఒంటికంటే పొడుగ్గా ఉండి, నడినెత్తి నుంచి వెంట్రుకలు చుట్టూ పరుచుకున్నవి బానెట్ మకాక్‌లు. తోక పొట్టిగా, పిరుదులు ఎర్రబారి ఉన్నవి రీసస్‌లు. ఇప్పటిదాకా ఆరు నెలలకోసారి అన్నిటికీ మందు పడుతోంది, ఎందుకు వేస్తున్నామో చెప్పే లెక్క మాత్రం లేదు. కావాల్సింది మూడు సంగతులు: ఏ కోతిలో ఏ పురుగు ఉంది, ఎంత ఉంది, మందు పడ్డాక ఎంత తగ్గింది. ఇవి తెలియాలంటే మలంలో వచ్చే పురుగు గుడ్లను మైక్రోస్కోపు కింద చూసి లెక్కపెట్టాలి.

మకాక్‌లలో ఏవి దొరుకుతాయో ముందే తెలిసి ఉండాలి. తెలియని గుడ్డు కంటి ముందున్నా కనపడదు. ట్రైక్యురిస్, అంటే కొరడా పురుగు, గుడ్డు గోధుమ రంగులో రెండు చివరలా బిరడాలు బిగించిన పీపాలా ఉంటుంది. పొడవు 50–55 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). స్ట్రాంగిలాయిడెస్ ఫుల్లెబోర్ని అనే సన్న పురుగు గుడ్డు పలచటి పెంకుతో సుమారు 50 మైక్రాన్లు, తాజా మలంలోనే లోపల లార్వా (పిల్ల పురుగు) చుట్టుకుని కనిపిస్తుంది. మనుషుల్లో కనిపించే స్టెర్కోరాలిస్ జాతి అయితే మలంలో గుడ్డు కాదు, లార్వానే వస్తుంది. ఈసోఫాగోస్టోమమ్, కొంకి పురుగు గుడ్లు ఒకదానికొకటి అచ్చం పోలి ఉంటాయి కాబట్టి వాటిని ‘స్ట్రాంగైల్ రకం’ అని మాత్రమే రాయాలి. బద్దెపురుగుల్లో హైమనోలెపిస్, బెర్టియెల్లా. ఏకకణ జీవుల్లో బాలంటిడియం, ఎంటమీబా, జియార్డియా, బ్లాస్టోసిస్టిస్.

జాగ్రత్తల సంగతి ఒక్కసారి చెప్పి వదిలేస్తాం. మకాక్‌లలో హెర్పిస్ బి వైరస్ ఉంటుంది. వాటికి పెద్దగా ఏమీ కాదు, మనిషికి సోకితే మెదడు వాపు వస్తుంది. 1997లో అమెరికాలోని ఒక ప్రైమేట్ కేంద్రంలో కంట్లో తుంపర పడి ఒక యువ ఉద్యోగిని చనిపోయింది. గ్లోవ్స్, మాస్క్, కళ్ళద్దాలు మూడూ ఉంటేనే బోను దగ్గరికి వెళ్ళాలి. కాళ్ళకు గమ్‌బూట్లు కావాలి, ఎందుకంటే స్ట్రాంగిలాయిడెస్ లార్వా చర్మంలోంచే లోపలికి పోతుంది. కావలివాళ్ళు చెప్పుల్లేకుండా బోను కడగడం మొదటి రోజే ఆపించాలి.

ద్రావణాలు

మలంలోంచి గుడ్లను పైకి తేల్చడానికి ఉప్పు నీళ్ళు. ప్యాకెట్ ఉప్పు వద్దు, అందులో ముద్దకట్టకుండా కలిపే పొడి నీటిని మసక చేస్తుంది. చినగంజాం వైపు నుంచి వచ్చే కల్లుప్పు చవక, కాకపోతే మన్ను ఉంటుంది. లీటరు వేడి నీటిలో సుమారు 400 గ్రాములు వేసి, అడుగున కరగని ఉప్పు మిగిలేదాకా కలిపి, పూర్తిగా చల్లారాక దళసరి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. సాంద్రత 1.20 రావాలి. హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచే గొట్టం) లేకపోతే కొలగొట్టంలో 100 మిల్లీలీటర్లు పోసి తూయండి. 120 గ్రాములు తూగితే చాలు. ఏప్రిల్ ఎండకు వేడెక్కిన సీసాలో ఇదే ద్రావణం 1.19 చూపిస్తుంది. అది ఉప్పు తక్కువై కాదు, వేడికి నీరు వ్యాకోచించి. ఇంకాస్త ఉప్పు వేద్దామని కూర్చోకండి.

పంచదార ద్రావణం బరువైన గుడ్లకు: 355 మిల్లీలీటర్ల నీటిలో 454 గ్రాముల పంచదార, మరగనివ్వకుండా వేడి చేసి కరిగించి, చల్లారాక 6 మిల్లీలీటర్ల ఫార్మాలిన్. సాంద్రత సుమారు 1.27. ఫార్మాలిన్ వేయకపోతే మన వాతావరణంలో వారం తిరక్కుండా పులిసి నురగ కడుతుంది. ఇంకో సంగతి, పంచదార స్లైడు బల్ల మీద వదిలి టీకి వెళితే చీమలు వచ్చేస్తాయి. ఉప్పు స్లైడుకు ఆ బెడద లేదు.

జియార్డియా సిస్టులు (గట్టి పొర కప్పుకుని మలంలో వచ్చే దశ) ఉప్పులోనూ పంచదారలోనూ ముడుచుకుపోతాయి. వాటికి సాంద్రత 1.18 ఉన్న జింక్ సల్ఫేట్ ద్రావణం కావాలి. పురుగుమందుల కొట్లో వరికి వేసే జింక్ సల్ఫేట్ రెండు రకాలుగా దొరుకుతుంది: 21 శాతం జింక్ ఉన్న హెప్టాహైడ్రేట్, 33 శాతం ఉన్న మోనోహైడ్రేట్. ఒకే బరువు వేసినా రెండిటి సాంద్రతా వేరుగా వస్తుంది. కాబట్టి ఏ పుస్తకంలోని గ్రాముల లెక్కా పట్టుకోకుండా హైడ్రోమీటర్ చూస్తూ నీళ్ళు కలుపుకోవాలి. ఎరువు రకంలో మడ్డి ఉంటుంది, ఫిల్టర్ పేపరు తప్పదు. డబ్బుంటే లేబొరేటరీ రకమే కొనడం మేలు.

ఏప్రిల్: ఎవరి మలం ఎవరిది

ఒక బోనులో అరడజను కోతులుంటే నేల మీద పడిన మలం ఎవరిదో చెప్పడం ఈ పనిలో అన్నిటికంటే కష్టం. అరటిపండు ముద్దలో రంగు మెరుపు రజను కలిపి పెట్టడం జూలలో వాడుకలో ఉన్న పద్ధతి. ఒక్కో కోతికి ఒక్కో రంగు. కేకుల మీద చల్లే ‘తినే మెరుపు’ చాలావరకు పేగుల్లోనే కరిగిపోతుంది, రంగు బయటికి రాదు. విషం లేదని రాసి ఉన్న, కరగని ప్లాస్టిక్ రజను కావాలి. అదైనా పశువైద్యుడు సరేనన్న తర్వాతే, చిటికెడు. బీట్‌రూట్ జోలికి పోవద్దు, మలంలో రక్తం పడిందేమోనని కంగారు పుడుతుంది.

మకాక్‌లకు దవడ సంచులుంటాయి. ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా దాచుకుని, తీరిగ్గా వేరేచోట కూర్చుని నములుతాయి. బలమైన మగది పక్కదాని వాటా లాక్కుంటుంది. అలా జరిగితే రెండు రంగులు ఒకే మలంలో వస్తాయి, లేదా ఒక రంగు అసలు రాదు. అందుకే ముద్ద చిన్నదిగా, మెత్తగా ఉండాలి. మరమరాల ఉండలో కలిపితే దాచుకుంటాయి. మధ్య తలుపు వేసి ఒక్కోదాన్ని పక్క అరలోకి పిలిచి, మింగిందని చూశాకే వదలాలి. రంగు మర్నాడు, లేదా ఆ మర్నాడు కనిపిస్తుంది.

సేకరణ తెల్లవారుజామునే. రాత్రి పడిన కుప్పలన్నీ ముందు తీసేసి, కింద శుభ్రమైన టార్పాలిన్ పరిచి, కొత్తగా పడిన దాన్ని పడిన సమయంతో సహా తీసుకోవాలి. మట్టి నేల మీద పడినదైతే నేలకు తగలని పైభాగమే. మట్టిలో స్వేచ్ఛగా బతికే సన్నపురుగులు బోలెడన్ని. అవి శాంపిల్లోకి ఎక్కితే లార్వా కనబడిందని సంబరపడటమే తప్ప దాంతో కోతికి ఏ సంబంధమూ ఉండదు. పురుగులు రోజూ ఒకేలా గుడ్లు పెట్టవు కాబట్టి ఒక్కో కోతి నుంచి రోజు విడిచి రోజు మూడు శాంపిళ్ళు.

గంటల లెక్క

మన ఊళ్ళో తప్పంతా ఇక్కడే జరుగుతుంది. స్ట్రాంగైల్ గుడ్డు బయటపడినప్పుడు లోపల కణాల గుత్తి మాత్రమే ఉంటుంది. తడి ఆరకుండా నీడలో, గది వేడిలో ఉంచితే ఒక్క రోజులో ఆ గుత్తి లార్వా అయిపోతుంది, చాలావరకు పొదిగి బయటికొచ్చేస్తాయి. అప్పుడు రెండు నష్టాలు. ఒకటి, పొదిగిన గుడ్డు లెక్కలోకి రాదు, అంకె తగ్గుతుంది. రెండు, లార్వా తిరిగిన స్ట్రాంగైల్ గుడ్డును స్ట్రాంగిలాయిడెస్ అని రాసేస్తాం. చల్లటి దేశాల్లో రాసిన చేతిపుస్తకాలు ఇరవైనాలుగు గంటల్లో చూడమంటాయి. గుంటూరు మే నెలకు ఆ గడువు పనికిరాదు. మా కాగితంలో పడిన గంట, చూసిన గంట రెండూ రాయడానికి గడులున్నాయి. ఆ రెండు గడులూ నిండని శాంపిల్ అంకెను పట్టికలో చేర్చం.

పడిన అరగంటలో చూడాల్సినవి పలచటి విరేచనాలు మాత్రమే, ఎందుకంటే అందులో కదిలే ఏకకణ జీవులు త్వరగా చచ్చిపోతాయి. మిగతావాటిని చిన్న జిప్ కవరులో వేసి, గాలి పిండేసి, మూతి బిగించి, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు గుడ్ల లెక్క పెద్దగా చెడదు. గాలి తీసేయడం ఊరికే కాదు, ఆక్సిజన్ అందకపోతే గుడ్డు ఎదగదు. థర్మోకోల్ పెట్టెలో తెచ్చేటప్పుడు ఐసుకు కవరు నేరుగా ఆనకూడదు, గడ్డకడితే పలచటి పెంకులు పగులుతాయి. మధ్యలో న్యూస్ పేపరు మడత పెట్టాలి. లార్వా కోసం బేర్‌మన్ (గరాటు నీటిలోకి లార్వాల్ని దింపే పద్ధతి) పెట్టబోయే భాగాన్ని మాత్రం ఫ్రిజ్‌లో అసలు పెట్టకూడదు.

ప్రతి శాంపిల్‌నూ ముక్కలు చేయాలి: ఒకటి లెక్కకు, ఒకటి బేర్‌మన్‌కు, ఒకటి 10 శాతం ఫార్మాలిన్‌లో, ఒకటి పి.సి.ఆర్. (డి.ఎన్.ఎ. పరీక్ష) కోసం ఇథనాల్‌లో. కొట్లో దొరికే ఫార్మాలిన్‌లో 37–40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అందులో ఒక పాలుకు తొమ్మిది పాళ్ళ నీరు కలిపితే మనం చెప్పే ‘10 శాతం’. ఫార్మాలిన్‌లో వేసినదాన్ని తర్వాత పి.సి.ఆర్.కి పంపితే డి.ఎన్.ఎ. పాడై ఫలితం రాదు.

మే: లెక్క

మెక్‌మాస్టర్ స్లైడు గుడ్లు లెక్కపెట్టే గాజు పలక, దానికి రెండు గదులు. ఒక్కో గదిలో గీతలు గీసిన గడి 10 మిల్లీమీటర్ల చదరం, లోతు 1.5, అంటే 0.15 మిల్లీలీటర్లు. మకాక్ మలం కొంచెమే దొరుకుతుంది కాబట్టి 2 గ్రాముల పద్ధతి. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద మలంలో నాలుగైదు చోట్ల నుంచి తీసి 2 గ్రాములు తూచి, 28 మిల్లీలీటర్ల ఉప్పు ద్రావణంలో మెత్తగా చిదిపి, టీ వడపోతలో వడకట్టాలి. పిప్పిని నొక్కి పిండొద్దు, మడ్డి దిగి గడి నల్లబడుతుంది. మొత్తం 30 మిల్లీలీటర్లలో 2 గ్రాములు; రెండు గడుల 0.3 మిల్లీలీటర్లలో 0.02 గ్రాములు. కాబట్టి రెండు గడుల్లో కనిపించిన గుడ్లను 50తో హెచ్చవేస్తే గ్రాముకు గుడ్లు.

కలుపుతూనే పిప్పెట్‌తో తీయాలి. ఒక్క క్షణం ఆగినా గుడ్లు పైకి తేలతాయి, పిప్పెట్ అడుగు నుంచి తీస్తుంది, అంకె పడిపోతుంది. ఒకే శాంపిల్‌కు ఇద్దరి అంకెలు కలవకపోతే ముందు చూడాల్సింది ఈ కలపడమే. గదిలో బుడగ పడితే కడిగి మళ్ళీ నింపాలి. ఐదు నిమిషాలు ఆగి, 10 ఎక్స్ (పది రెట్లు పెంచే) ఆబ్జెక్టివ్‌తో పైగాజు గీతల మీద ఫోకస్ పెట్టాలి. గుడ్లు అక్కడే, దాని కిందే ఆని ఉంటాయి. అడుగున ఫోకస్ పెడితే చెత్త తప్ప ఏమీ కనిపించదు. ఫ్యాను కింద ఇంకాస్త ఆలస్యమైతే అంచుల్లో ఉప్పు పలుకులు కట్టి గుడ్లు ముడుచుకుంటాయి. స్లైడును తడి దూది పెట్టిన మూత డబ్బాలో ఉంచితే కాస్త వ్యవధి దొరుకుతుంది.

ఇక అంకె విలువ ఎంత? రెండు గడుల్లో నాలుగు గుడ్లు కనిపిస్తే 200 అని రాస్తాం. కానీ నాలుగు అనే చిన్న లెక్కకు యాదృచ్ఛిక తేడా చాలా ఎక్కువ. 95 శాతం నమ్మకపు హద్దుల్లో అసలు విలువ 50 నుంచి 500 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అదే నలభై గుడ్లు కనిపిస్తే 2000, హద్దులు సుమారు 1400 నుంచి 2700. అందువల్ల తక్కువ గుడ్లున్న కోతికి ఒక స్లైడుతో సరిపెట్టకూడదు. నాలుగు స్లైడులు నింపితే 0.08 గ్రాములు చూసినట్టు, అప్పుడు హెచ్చవేత 12.5 మాత్రమే. గడిలో సున్నా వస్తే ‘పురుగు లేదు’ అని కాదు, ‘50కి లోపు’ అని రాయాలి. సున్నా వచ్చిన ప్రతిదాన్నీ గొట్టాలను గిర్రున తిప్పే యంత్రం, సెంట్రిఫ్యూజ్‌లో పంచదార ద్రావణంతో ఇంకోసారి తేల్చి, ఉందా లేదా మాత్రం చూస్తాం.

మలం పలచబడితే గ్రాముకు గుడ్లు తగ్గుతాయి, పురుగులు తగ్గకపోయినా. గట్టి మలంలో పొడి పదార్థం 30 శాతం, గ్రాముకు 600 గుడ్లు అనుకుందాం. పొడి గ్రాముకు 2000. అదే కోతికి విరేచనాలై పొడి పదార్థం 15 శాతానికి పడితే 300 మాత్రమే కనిపిస్తాయి, పొడి గ్రాముకు మళ్ళీ 2000. మామిడి పళ్ళు దించే రోజుల్లో బోన్లలో ఇది మామూలే. ఓపికుంటే విడిగా 2 గ్రాములు ఓవెన్‌లో బరువు మారకుండా ఆగేదాకా ఎండబెట్టి పొడి బరువు తీయాలి. లేకపోతే కనీసం గట్టి, మెత్తన, పలచన అని ఒక గడిలో రాయాలి.

ఏవి గుడ్లు, ఏవి కావు

ఆక్యులర్ మైక్రోమీటర్‌ను (కంటి కటకంలోని గీతల కొలబద్ద) స్టేజ్ మైక్రోమీటర్‌తో (కొలత తెలిసిన గీతల స్లైడు) ప్రతి ఆబ్జెక్టివ్‌కూ విడివిడిగా సరిచూసి, ఒక్కో గీత ఎన్ని మైక్రాన్లో మైక్రోస్కోపుకే చీటీ అంటించాలి. కొలవకుండా పేరు పెట్టడం నిషేధం. ఇక్కడి మేతలో అన్నం ఎక్కువ, పిండి రేణువులు సిస్టుల్ని తలపిస్తాయి. అయోడిన్ చుక్క వేస్తే నీలి నలుపు తిరుగుతాయి, సిస్టు గోధుమ రంగులోనే ఉంటుంది. పుప్పొడి గుండ్రంగా, ముళ్ళతో కనిపిస్తుంది. ఆకుల నూగు లార్వాను పోలి ఉంటుంది గానీ ఒక చివర తెగినట్టుంటుంది, లోపల పేగు ఉండదు. నిల్వ ధాన్యంలోని మైట్‌లు (నలుసంత పురుగులు), వాటి గుడ్లు తిండితో లోపలికి పోయి అలాగే బయటికొస్తాయి. అవి 100 మైక్రాన్లకు పైనే ఉంటాయి కాబట్టి కొలిస్తే తేలిపోతుంది.

అయోడిన్ కలిపేటప్పుడు ముందు 2 గ్రాముల పొటాషియం అయోడైడ్ కొద్ది నీటిలో కరిగించి, ఆ తర్వాత 1 గ్రాము అయోడిన్ వేసి, 100 మిల్లీలీటర్లకు పెంచాలి. ఉత్త నీటిలో అయోడిన్ సరిగా కరగదు. గోధుమ రంగు సీసాలో పెట్టినా కొన్ని వారాలకు వన్నె తగ్గుతుంది, అప్పుడు పారబోయాలి.

తేలని వాటికి అడుగుకు దింపే పద్ధతి. 1 గ్రాము మలం, 7 మిల్లీలీటర్ల 10 శాతం ఫార్మాలిన్, వడకట్టి, 3 మిల్లీలీటర్ల ఇథైల్ అసిటేట్, బిరడా పెట్టి అరనిమిషం గట్టిగా కుదిపి, 500 జి (భూమ్యాకర్షణకు 500 రెట్లు) వద్ద సెంట్రిఫ్యూజ్. చేతిపుస్తకాల్లోని నిమిషానికి తిప్పుల అంకె మీ యంత్రానికి సరిపోదు: చేయి వ్యాసార్థం 10 సెంటీమీటర్లయితే 2100 తిప్పులు కావాలి, 15 అయితే 1700 చాలు. నాలుగు పొరలు వస్తాయి. మధ్యలోని చెత్త బిళ్ళను పుల్లతో అంచుల నుంచి విడదీసి ఒక్కసారే ఒంపాలి, నింపాదిగా ఒంపితే చెత్త మళ్ళీ అడుగుకు జారుతుంది. బాలంటిడియం సిస్టులు దీంట్లోనే బాగా దొరుకుతాయి. బతికున్నదాన్ని చూడాలంటే తాజా మలాన్ని 0.9 శాతం ఉప్పు నీటిలో చూడాలి. పెద్ద జీవి, 10 ఎక్స్‌లోనే దొర్లుకుంటూ పోతుంది.

ఎంటమీబా విషయంలో మైక్రోస్కోపుకు హద్దుంది. సిస్టులో ఎనిమిది కేంద్రకాలుంటే కోలై జాతి, నిశ్చింత. నాలుగుంటే హిస్టోలిటికా, డిస్పార్, మకాక్‌లలో వచ్చే నట్టల్లి, వీటిలో ఏదైనా కావచ్చు, పి.సి.ఆర్. వచ్చేదాకా ‘నాలుగు కేంద్రకాల ఎంటమీబా’ అనే రాస్తున్నాం. అనుమానమున్న స్లైడులు గన్నవరం పశువైద్య కళాశాల లాంటి చోట పరాన్నజీవుల నిపుణులకు చూపించుకోవడం దగ్గర దారి.

బేర్‌మన్‌కు గరాటు, దానికి రబ్బరు గొట్టం, క్లిప్పు. 10 గ్రాముల తాజా మలం గాజుగుడ్డలో మూటకట్టి గోరువెచ్చని నీటిలో మునిగేలా వేలాడదీసి రాత్రంతా ఉంచాలి. పొద్దున్నే మొదటి కొన్ని చుక్కలు మాత్రమే తీసి చూడాలి. నోటి గొట్టం పొట్టిగా, జననాంగ మొగ్గ పెద్దగా ఉంటే స్ట్రాంగిలాయిడెస్. నోటి గొట్టం పొడుగ్గా, మొగ్గ చిన్నగా ఉంటే కొంకి పురుగు.

జూన్, జూలై: మందు, నేల

మందు ఏది, ఎంత అన్నది పశువైద్యుడి నిర్ణయం. పిల్లలకు నులిపురుగుల నివారణ దినం నాడు ఇచ్చే 400 మిల్లీగ్రాముల అల్బెండజోల్ బిళ్ళ తెచ్చి బోనులో పంచేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కోతిని తూచకుండా మోతాదు లేదు, దవడ సంచిలో దాచుకున్న బిళ్ళ ఎవరి కడుపులోకి పోయిందో తెలియదు. స్ట్రాంగిలాయిడెస్‌కు ఐవర్‌మెక్టిన్ బాగా పనిచేస్తుంది, కొరడా పురుగు దానికి అంతగా లొంగదు. అల్బెండజోల్ లాంటి బెంజిమిడజోల్ మందులైనా వరసగా కొన్ని రోజులు పడాలి.

మందు పనితనం కొలవడానికి, మందుకు ముందు లెక్క, తర్వాత 10–14 రోజులకు లెక్క. ముందు సగటు 800, తర్వాత 60 అనుకుంటే తగ్గుదల 92.5 శాతం. పది రోజులకు ముందే చూస్తే, చావని ఆడపురుగు కూడా కొద్ది రోజులు గుడ్లు పెట్టడం ఆపి ఉండొచ్చు, సున్నా చూసి మోసపోతాం. రెండు వారాల్లో కనిపించిన కొరడా పురుగు గుడ్డు కొత్తగా సోకినది కాదు, దానికి ఎదగడానికే మూడు నెలల దాకా పడుతుంది. అది మందుకు తప్పించుకున్నదే. అదే కొన్ని వారాల తర్వాత స్ట్రాంగైల్ లెక్క మళ్ళీ ఎగబాకితే మందును తిట్టకండి, నేలను చూడండి. బోను మొత్తం సగటు మీద కూడా ఆధారపడకూడదు. గుడ్లలో అధిక భాగం ఒకటి రెండు కోతుల నుంచే వస్తుంటుంది, సగటు వాటిని దాచేస్తుంది.

తొలకరి పడ్డాక పని మారింది. వాన కడిగిన మలం లెక్కకు పనికిరాదు, మబ్బు పట్టకముందే ఎత్తాలి. తడి నేలలో స్ట్రాంగిలాయిడెస్ ఒకటి రెండు రోజుల్లోనే సోకే దశకు వస్తుంది, స్ట్రాంగైల్ వారం లోపు. కాబట్టి రోజూ ఒకసారి మలం ఎత్తడం ఈ రెండిటికీ పనిచేస్తుంది. కొరడా పురుగు గుడ్డు మాత్రం మట్టిలో రెండు మూడు వారాల్లో సిద్ధమై ఏళ్ళ తరబడి బతుకుతుంది. బ్లీచింగ్ దాన్ని చంపదు. మరిగే నీళ్ళు, ఎండ, ఆరిన నేల, ఇవే మార్గం. మట్టి నేల బోను ఒకదానికి వాలు సిమెంటు, మురుగు కాలువ వేయించే పని ఇప్పుడు నడుస్తోంది. అది పూర్తయ్యేదాకా ఆ బోను అంకెల్ని విడి కాగితంలో ఉంచుతున్నాం.

స్ట్రాంగైల్ రకంలో ఈసోఫాగోస్టోమమ్ ఎంత, కొంకి పురుగు ఎంత అనేది లార్వాను పెంచితేనే తేలుతుంది. హరడా–మోరి గొట్టాల్లో ఫిల్టర్ పేపరు పట్టీ మీద అర గ్రాము మలం పూసి, అడుగున 3 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి పెట్టాం. 25–28 డిగ్రీల్లో పది రోజులు ఉంచాలి. మే నెలలో గది వేడికి ఇది సాధ్యం కాకే జూలైకి వాయిదా పడింది. పూసేటప్పుడు పట్టీ కింది చివర రెండు వేళ్ళ మందం ఖాళీగా వదలాలి, మలం నీటిని తాకితే బూజు పట్టి లార్వాలు చస్తాయి. గొట్టంలో చేరేవి చర్మంలోంచి దూరగల లార్వాలు కాబట్టి గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, చూడటం అయ్యాక గొట్టాలన్నిటినీ ప్రెషర్ కుక్కర్‌లో అరగంట ఉడికించాకే పారేయాలి. ఆ కుక్కర్ మీద ఎర్ర పెయింటుతో ‘ల్యాబ్’ అని రాయించాం.